రెండో మోటారు

సావనీరుకు ఏదైనా వ్రాసివ్వమని మన సంఘం కార్యదర్శి అడిగినప్పుడు నాకు కవిత్వం చేతకాదనీ, కథ అసలే రాదనీ చెప్పాను. "వచ్చిందే వ్రాయి" అన్నాడు. నాకు వచ్చింది మోటార్లు. కనుక మిత్రులు విసుక్కోకుండా చదవాలని మనవి.

రైతు ఇంట పుట్టినవాడికి మోటారు అన్న మాట బళ్లో నేర్పనక్కరలేదు. మా వాకాడు వైపు "మోటారు వేసొచ్చావా?" అంటే పైరుకు నీళ్లు పెట్టావా అని అర్థం. "మోటారు కాలింది" అంటే ఆ వారమంతా ఇంట్లో ఎవరూ నవ్వరని అర్థం. వైండింగు షాపు ముందు బల్ల మీద నాయన పక్కన కూర్చుని, మేస్త్రీ రాగితీగ చుట్లు చుడుతుంటే లెక్కపెట్టడం నా మొదటి ఫిజిక్సు పాఠం. ఫారడే పేరు ఆ తరువాత ఎప్పటికో తెలిసింది.

అయితే ఇక్కడ చెప్పబోయేది అంత పెద్ద మోటార్ల సంగతి కాదు. అరచేతిలో ఇమిడి, ఆరు వోల్టులకో పన్నెండు వోల్టులకో తిరిగే బుల్లి మోటార్ల సంగతి. రేడియో రిమోటుతో నడిచే పడవ, బండి, విమానం నమూనాలను మీరంతా చూసే ఉంటారు. వాటిలో ఒక మోటారు నమూనాను నడిపిస్తుంది. అందరి కళ్లూ దాని మీదే. నా అభిప్రాయం ఏమిటంటే చూడవలసింది రెండో మోటారును. పడవ మీద క్రేను ఎత్తే మోటారు, ఫైరు ఇంజను మీద నీళ్లు చిమ్మే మోటారు, లంగరు దించి మళ్లీ చుట్టుకునే మోటారు. నమూనా పరుగెత్తడంలో ఏమంత గొప్ప లేదు. అది పోయిన చోట ఏం పని చేస్తుందో, అందులోనే చదువంతా ఉంది. మనమేమో పరుగుకు చప్పట్లు కొట్టి ఇంటికి పోతున్నాము.

మన సైన్సు ఎగ్జిబిషన్లనే తీసుకోండి. థర్మోకోలుతో ఆనకట్ట కడతారు. కింద జలవిద్యుత్ కేంద్రం, అందులో గిరగిర తిరిగే టర్బైను. ఒకసారి వంగి చూశాను. పైనుంచి నీళ్లు పడకముందే టర్బైను తిరుగుతోంది! బల్ల కింద సెల్లు, సెల్లుకు మోటారు, మోటారుకు టర్బైను. నీళ్లు టర్బైనును తిప్పాలి గదా, ఇక్కడ టర్బైనే నీళ్లను తిప్పుతోంది. మోటారు చేత అబద్ధం చెప్పించడమంటే ఇదే. దాని పక్కన రిమోటు కారు రయ్యిమని పోతుంటే పిల్లలు దాని వెంట పరుగు. నిజం చెప్పాలంటే ఆ కారు అంగట్లో కొన్నదే, పైన అట్టపెట్టె మాత్రం మనవాళ్లది.

చరిత్ర చూసినా నా మాటే నిలుస్తుందని నా నమ్మకం. రేడియోతో నడిచే నమూనాను మొట్టమొదట జనం ముందు నడిపించినవాడు నికోలా టెస్లా. 1898లో న్యూయార్కులోని మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో నీళ్లతొట్టిలో చిన్న పడవను తీగ లేకుండా నడిపాడు. అదే ఏడు నవంబరులో దానికి పేటెంటు వచ్చింది. ఆ మొదటి పడవలోనే మోటార్లు రెండు, ఒకటి ప్రొపెల్లరుకు, మరొకటి చుక్కానికి. పైగా చెప్పినప్పుడు వెలిగి ఆరే దీపాలు. అంటే రిమోటు నమూనా పుట్టిననాడే ఒట్టి పరుగుతో పుట్టలేదు. ఇంగ్లండు, జర్మనీ దేశాల్లో పడవ నమూనాలు చేసే పెద్దవాళ్లు (అవును, పెద్దవాళ్లే, తలలు నెరిసినవాళ్లు) వేగం సంగతి వదిలేసి రాడారు ఎంత నిదానంగా తిరగాలి అని తలలు బద్దలు కొట్టుకుంటారు. వేల చుట్లు తిరిగే బొమ్మ మోటారుకు రాడారును సూటిగా తగిలిస్తే సీలింగు ఫ్యానయి కూర్చుంటుంది. దాన్ని నిమిషానికి ఇరవై చుట్లకు దించాలంటే పళ్లచక్రాల లెక్క రావాలి. ఆ లెక్క వస్తే మన రొయ్యల గుంట మీద చక్రం కూడా అర్థమైనట్టే.

ఆ చక్రం సంగతి తెలియనివారి కోసం రెండు మాటలు. మా ఊరు స్వర్ణముఖి ఒడ్డు. తూర్పున ఉప్పుటేరులు, బకింగ్‌హాం కాలువ, సముద్రం. 2022లో మమ్మల్ని తిరుపతి జిల్లాలో కలిపారు గాని మా నోటికి ఇంకా నెల్లూరే వస్తుంది. వరి పండే చోట వరి, ఉప్పునీరు తగిలే చోట రొయ్య. 1990లలో టైగరు రొయ్యతో కళకళలాడి, 1994-95లో తెల్లమచ్చ వ్యాధితో చితికిపోయి, 2009లో వనామీకి అనుమతి వచ్చిన తరువాత మళ్లీ లేచిన గుంటలివి. గుంటలో ఏరియేటరు తెడ్లు తెల్లవార్లూ నీళ్లను కొడుతుండాలి. రాత్రిపూట నీటిలోని నాచు కూడా ప్రాణవాయువు పీల్చేదే గాని ఇచ్చేది కాదు కనుక తెల్లవారుజామున అది మరీ పడిపోయిందంటే రొయ్య తేలి కట్టకు వస్తుంది. ఆ తెడ్లను తిప్పే మోటారు నిమిషానికి 1440 చుట్లు తిరుగుతుంది. గేరుపెట్టె దాన్ని వంద దరిదాపులకు దించుతుంది. పోయిన వేగం బలంగా తిరిగి వస్తుంది. బొమ్మ మోటారుకూ అదే ధర్మం. హాబీ అంగళ్లలో దొరికే పసుపురంగు గేరు మోటారు నలభై ఎనిమిది చుట్లను ఒక చుట్టుగా మారుస్తుంది. ఉన్న తేడా అంతా సైజులోనే.

2023 జూలై 14న చంద్రయాన్-3 శ్రీహరికోట నుంచి లేచినప్పుడు మేం మిద్దె మీద ఉన్నాము. మా ఊళ్లో రాకెట్టు కొత్త కాదు, అయినా ఎవరూ కిందికి దిగలేదు. ఆగస్టు 23న ల్యాండరు చంద్రుడి మీద దిగి, దానిలోంచి ప్రజ్ఞాన్ బయటికి వచ్చింది. బరువు 26 కిలోలు, ఆరు చక్రాలు, చక్రానికొక మోటారు. అది అక్కడ తిరిగింది మొత్తం నూరు మీటర్ల చిల్లర. మన ఎగ్జిబిషన్‌లో పెడితే పరుగులో ఆఖరి స్థానం దానిదే! కాని దాని మీద పద్దెనిమిది సెంటీమీటర్ల పరికరం ఒకటి కీలు మీద తిరిగి, నేలకు ఐదు సెంటీమీటర్ల ఎత్తుదాకా వంగి, మట్టిలో గంధకం ఉందని చెప్పింది. దేశం చప్పట్లు కొట్టింది చక్రాలకు కావచ్చు గాని సైన్సు నిలిచింది ఆ కీలు మీద. మందు కొట్టే డ్రోనుదీ ఇదే కథ. ఎగరడానికి నాలుగో ఆరో మోటార్లు. కాని రైతు డబ్బిచ్చేది కింద వేలాడే డబ్బాలోని చిన్న పంపు మోటారుకు. అది తిరగకపోతే మిగిలినదంతా గాలిపటం.

ఇక మా పడవ సంగతి.

మా గుంటల మీద మేత చల్లేది మా మేనమామ. థర్మోకోలు తెప్ప మీద కూర్చుని, గుంటకు అడ్డంగా కట్టిన తాడు పట్టుకుని లాగుకుంటూ, రెండో చేత్తో మేత చల్లుతాడు. రోజుకు నాలుగు తడవలు. యాభై దాటిన నడుము. చల్లేటప్పుడు ఏరియేటర్లు ఆపాలి, లేకుంటే మేత ఒక మూలకు కొట్టుకుపోతుంది. ఒకనాడు ఎవరో ఆపామనుకుని ఆపలేదు. తీగ మీద రబ్బరు చిట్లి ఉంది. మామకు బదులు ఆ పూట మా పెదనాయన కొడుకు తెప్ప మీద ఉన్నాడు. బతికాడు గాని కుడిచేతి వేళ్లు రెండు ఇప్పటికీ మడవలేడు. నీళ్లలో మనిషి, నీళ్లలోనే నాలుగువందల వోల్టుల తీగ. ఈ రెండూ ఒకచోట ఉండకూడదన్నదే మా ఆలోచనకు మొదలు.

ముగ్గురం కలిశాము. నాలుగంగుళాల పి.వి.సి. గొట్టాలు రెండు, ఒక్కొక్కటి రెండున్నర అడుగులు, రెండు కొసలా మూతలు. ఆర్కిమిడీసు లెక్క కడితే రెండూ కలిసి పద్నాలుగు కిలోలదాకా మోయాలి. సగం మించి బరువు పెట్టకూడదని గీత గీసుకున్నాము. ప్రొపెల్లరు పెడితే నాచు, తాళ్లు చుట్టుకుంటాయని, ఏరియేటరును చూసి రెండు పక్కలా చిన్న తెడ్డుచక్రాలు పెట్టి ఒక్కోదానికి ఒక గేరు మోటారు బిగించాము. ఒకటి ఆపితే పడవ ఆ పక్కకు తిరుగుతుంది, చుక్కానితో పని లేదు. ఖర్చులో సగానికి పైగా రేడియోనే తినేసింది. 2025లో అమెరికా సుంకం పెంచి రొయ్య రేటు పడిన రోజులవి, ఇంట్లో డబ్బు అడిగిన తీరు ఇక్కడ వ్రాయను.

పడవ మొదటిరోజే నడిచింది. మేం ముగ్గురం గంతులు వేశాము. అక్కడే ఆపి ఉంటే మేం నేర్చుకున్నది సున్నా.

మేత చల్లే మోటారు పెట్టేసరికి అసలు కాలేజీ మొదలైంది. మొదట డబ్బా అడుగున మరలాంటి కడ్డీ పెట్టి మేతను బయటికి తోయించాము. తేమకు మేత గట్టకట్టి కడ్డీ బిగిసింది, మోటారు ఆగింది, పొగ వచ్చింది. ఎందుకని? తిరిగే మోటారు తనకు తానే ఎదురు వోల్టేజీ పుట్టించుకుని కరెంటును అదుపులో పెడుతుంది. ఆగిపోతే ఆ అదుపు పోతుంది. మా మోటారు చుట్టకు నాలుగు ఓములు. తిరిగేటప్పుడు అర ఆంపియరు కూడా లాగనిది, పన్నెండు వోల్టుల మీద ఆగిపోతే మూడు ఆంపియర్లు. ముప్పైఆరు వాట్లూ వేడే. ఈ సూత్రం పుస్తకంలో రెండుసార్లు చదివి పరీక్ష కూడా పాసయ్యాను. వాసన వచ్చిన తరువాతే నాకు అర్థమైంది. లో వోల్టేజీలో మా బోరు మోటారు మూలిగి మూలిగి కాలిపోయేది కూడా దీనికి దగ్గర చుట్టమేనని అప్పుడు తెలిసింది.

కడ్డీ తీసేసి, డబ్బా అడుగున చిన్న తలుపు, దాని కింద గుండ్రంగా తిరిగే పళ్లెం పెట్టాము. తలుపు తెరిచి మూసేది తొమ్మిది గ్రాముల సర్వో మోటారు. పళ్లెం తిప్పేది పాత ప్రింటరులోంచి పీకిన మోటారు. మేత రెండు గజాల దూరం చక్కగా పడింది. కాని పళ్లెం తిరగడం మొదలుపెట్టగానే పడవకు పూనకం! ఉన్నచోటే బొంగరంలా తిరుగుతుంది. రెండు రాత్రులు రేడియోను తిట్టాము. తప్పు దానిది కాదు. మోటారు లోపల బ్రష్షుల దగ్గర నిప్పురవ్వలు పుడతాయి. హెర్ట్జ్ 1887లో రేడియో తరంగాలు పుట్టించింది నిప్పురవ్వతోనే గదా. మా ప్రింటరు మోటారు తనకు తెలియకుండానే ఆయన ప్రయోగం చేస్తూ, ఆ రొదను తీగల వెంట రిసీవరు దాకా పంపిస్తోంది. 104 అని వ్రాసి ఉండే బియ్యపుగింజంత కెపాసిటర్లు మూడు, ఒకటి మోటారు రెండు కొసల మధ్య, తక్కిన రెండూ ఒక్కో కొస నుంచి పైడొక్కుకు అతికించి, రిసీవరుకు వేరే బ్యాటరీ పెట్టాము. పూనకం దిగింది. ఖర్చు పది రూపాయల లోపు. పరుగెత్తే కారు కొన్నవాడికి ఈ పది రూపాయల పాఠం జన్మలో రాదు.

ఎగ్జిబిషన్‌కు తీసుకుపోయాము. ఎక్కడన్నది అనవసరం. న్యాయనిర్ణేతలుగా వచ్చిన పెద్దలు అడిగినవి రెండే ప్రశ్నలు: ఎంత దూరం పోతుంది, ఎంత వేగం పోతుంది. మేత చల్లి చూపిస్తామంటే సిమెంటు తొట్టి మురికవుతుందన్నారు. మొదటి బహుమతి వేగంగా పోయే బండికి వచ్చింది. బహుమతి రానందుకు ఈ ఏడుపు అని మీరు అనుకోవచ్చు. కొంత నిజమే, ఒప్పుకుంటాను. కాని ఇది పనిచేస్తుందా అని ఒక్కరూ అడగకపోవడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

ఆ ప్రశ్న మా మామ అడిగాడు. సెలవుల్లో పడవను గుంటలో దించి, రెండు కిలోల మేత పోసి, కట్ట మీద నిలబడి నడిపాను. పోయింది, చల్లింది, తిరిగి వచ్చింది. నాయన ఏమీ అనలేదు గాని రెండోసారి మేత తానే పోశాడు. మామ బీడీ ఆర్పి అన్నాడు: "బాగానే ఉందల్లుడా. నేను తెప్ప మీద పోయేది చల్లడానికి ఒకటేనా? చెక్ ట్రే ఎత్తి చూస్తేగదా రొయ్య మేత తింటా ఉందో వదిలేస్తా ఉందో తెలిసేది. పేగు నల్లగా ఉందా, తోక ఎర్రబారిందా, అది నీ పడవకెట్టా తెలస్తాది?"

నాకు నోట మాట రాలేదు. ట్రే ఎత్తి చూడకుండా మేత చల్లడమంటే డబ్బు నీళ్లలో పోయడమే. వదిలేసిన మేత కుళ్లి అడుగు చెడుతుంది, ఆ చెడిన అడుగే ప్రాణవాయువును తింటుంది. చల్లడం కళ్లు మూసుకుని చేసే పని, చూడటం మామ పని. మేం తెలివిగలవాళ్లమనుకుని మొదటి దానికి మోటారు పెట్టాము.

ఇంకో సంగతి. పడవ నడిస్తే మామకు పని ఉండదేమోనని నాకు లోపల గుబులుగా ఉండేది. అడగలేక అడిగాను. ఆయన నవ్వాడు. "ఆ తాడు నువ్వు లాగి చూడు నాలుగు తడవలు, ఆ పైన మాట్లాడుదాం. ట్రే లేపే మోటారు పెట్టు. కట్టకాడికి తెచ్చి నాకు చూపించు. చూసేది నేను చూస్తా." మనిషి తన పనిలో ఏ ముక్క మరకు ఇవ్వాలో, ఏ ముక్క తన దగ్గర ఉంచుకోవాలో ఆ పని చేసేవాడికి తెలిసినట్టు మనకు తెలియదు. రెండో మోటారు ఏం చేయాలో నిర్ణయించవలసింది ఎగ్జిబిషన్ కమిటీ కాదు, మేం ముగ్గురమూ కాదు.

రెండు కిలోల పడవ ఎకరం గుంటకు చాలదని నాకూ తెలుసు. గాలి ఎదురైతే తెడ్లు నీరసిస్తాయి. ఉప్పునీరు తగిలి ఒక మోటారు ఇరుసు నెల తిరక్కుండానే తుప్పు పట్టింది. గ్రీజు పూసినా రాగితీగలు పచ్చబడుతున్నాయి. కట్ట మీద ఆటోమేటిక్ మేత యంత్రాలు అమ్ముతూనే ఉన్నారు, కొనగలిగినవాళ్లు కొంటారు. మా పడవ వాటికి పోటీ అని నేను అనడంలేదు. బి.యస్సీ. చదివేవాడు టార్కు అన్న మాటను చేత్తో పట్టుకుని చూడాలంటే ఇంతకు మించిన చవక మార్గం నాకు కనబడలేదు, అంతే నేననేది.

కనుక మన సంఘానికి నా విన్నపం. ఈసారి ఎగ్జిబిషన్‌లో రిమోటు నమూనాలు పెడితే వేగానికి మార్కులు తీసేయండి. నమూనా ఏదో ఒక పని చేసి తీరాలి: ఎత్తాలి, తోడాలి, తెరవాలి, చల్లాలి. ఆ పని ఎవరికోసమో వాళ్లను కూడా పిలిచి పక్కన నిలబెట్టండి. న్యాయనిర్ణేతల్లో ఒకరు వైండింగు మేస్త్రీ అయితే మరీ మంచిది, నవ్వకండి, నేను నిజంగానే అంటున్నాను. కొన్న కిట్లకు బహుమతి వద్దు. ల్యాబులో ఒక పెట్టె పెట్టి, చెడిపోయిన ప్రింటర్లు, టేపురికార్డర్లు, ఆటబొమ్మల మోటార్లు అందులో వేస్తే పుస్తకాలు ఇచ్చినట్టు సంతకం పెట్టించుకుని ఇవ్వచ్చు. కాలిపోయినవి కూడా వేయండి. కాలిన మోటారు విప్పినవాడు బాగున్నది విప్పినవాడికన్నా ఎక్కువ నేర్చుకుంటాడు.

ట్రే ఎత్తే పని ప్రస్తుతం ఇలా ఉంది. పడవ ట్రే దగ్గరికి పోతుంది, కొక్కెం తగులుతుంది, చిన్న గేరు మోటారు నైలాను దారం చుడుతుంది. పైకి వచ్చిన ట్రే ఒక స్విచ్చును తాకగానే మోటారు ఆగాలి, ఆగుతోంది. కాని కరెంటు ఆగిన క్షణం ట్రే బరువుకు దారం వెనక్కి విచ్చుకుని, రొయ్యలతో సహా మళ్లీ నీళ్లలో పడుతోంది. దీనికి మరచక్రం గేరు కావాలి. మోటారు అటు తిప్పితే తిరుగుతుంది గాని బరువు ఇటు లాగితే తిరగదు. కారు వైపరు మోటారులో ఉండేది అదే. పాత కారుదో, లారీదో పన్నెండు వోల్టుల వైపరు మోటారు ఎవరి ఇంట్లోనైనా మూలపడి ఉంటే హాస్టలు మెస్సు దగ్గర నాకు చెప్పండి. బరువు ఎక్కువైతే గొట్టాలు ఇంకో అడుగు పెంచుకుంటాము.